కుర్ర రైతుకు కూతవేటు బజారు

పాతికేళ్ల కొడుకు ‘వ్యవసాయం చేస్తా’నంటే మన ఊళ్లలో ముందు అడ్డుపడేది తండ్రే. ‘నేను పడింది చాలదా, నువ్వు కూడానా’ అంటాడు. తల్లి బెంగ ఇంకొకటి: ‘పొలం చేసుకునేవాడికి పిల్లనెవరిస్తారు?’ ఇద్దరి మాటల వెనకా లెక్కలున్నాయి. 2018-19 నాటి జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం దేశంలో సగటు రైతు కుటుంబానికి నెలకు వచ్చేది 10,218 రూపాయలు. అందులో పంట మీద మిగిలింది 3,798 అయితే, కూలికీ జీతానికీ వెళ్లి తెచ్చుకున్నది 4,063. సేద్యం చేసే ఇంటికి సేద్యం కంటే కూలే ఎక్కువ తిండి పెడుతోందన్నమాట. 2003 నాటి సర్వేలోనే నూటికి 40 మంది రైతులు వేరే దారి దొరికితే సాగు వదిలేస్తామన్నారు. 2001, 2011 జనాభా లెక్కల మధ్య సాగుదారులు 12.73 కోట్ల నుంచి 11.88 కోట్లకు తగ్గారు. అదే పదేళ్లలో వ్యవసాయ కూలీలు 10.67 కోట్ల నుంచి 14.43 కోట్లకు పెరిగారు.

తెర మీద మాత్రం రైతుకు చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. 2019లో ‘మహర్షి’ వచ్చాక శని, ఆదివారాల్లో పొలానికి వెళ్లి ఫొటోలు దిగడం ఒక ముచ్చటైంది. 2021లో వచ్చిన ‘శ్రీకారం’లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వచ్చిన కుర్రాడు ఊరి రైతులను కూడగట్టి ఉమ్మడి సేద్యం చేయిస్తాడు. సినిమా బయట కూడా అలా వెనక్కి వచ్చినవాళ్లు కొందరున్నారు. మండీకి వెయ్యకుండా తినేవాళ్లకే నేరుగా అమ్ముకుంటామన్నది వాళ్లలో చాలామంది చెప్పే మాట. రైతు బజారు, వారపు సంత, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆదివారం అంగడి, వాట్సాప్ గ్రూపు అన్నీ ఆ ఆశలోంచే వాళ్లకు కనబడుతున్న దారులు.

ఈ ఆశ ఎంతవరకు నిజం? పాతికేళ్ల పైబడిన రైతు బజార్ల అనుభవాన్ని, రెండు తెలుగు రాష్ట్రాల్లో సాగు పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: దగ్గరి మార్కెట్ ధర సంగతి కొంత చక్కబెడుతుంది, చేతిలో రోజూ నాలుగు డబ్బులు ఆడేలా చేస్తుంది. భూమి, అప్పు అనే రెండు పెద్ద చిక్కుముళ్లను మాత్రం అది విప్పలేదు. అవి విడకపోతే ఆ మార్కెట్ గుమ్మం దాకా వచ్చే యువకులే ఉండరు.

యువ రైతులు మూడు రకాలు

యువ రైతు అనగానే అందరినీ ఒక గాటన కట్టేస్తాం. నిజానికి మూడు రకాలవాళ్లున్నారు. తండ్రి పొలంలో తండ్రితో పాటు పనిచేసే కొడుకులు, కోడళ్లు మొదటి రకం. సొంత భూమి లేకుండా కౌలుకు చేసేవాళ్లు రెండో రకం. పట్నంలో కొంత వెనకేసుకుని ఊరికి తిరిగొచ్చినవాళ్లు మూడో రకం. పత్రికల్లో ఫొటోలు పడేది ఎక్కువగా మూడో రకానివే. వాళ్లకు పంట పోయినా బ్యాంకులో డబ్బుంటుంది, కంప్యూటర్ పని తెలుసు, కొనేవాళ్లు పాత సహోద్యోగులే. వాళ్ల గెలుపును చూపి మిగతా ఇద్దరినీ ‘మీరెందుకు చెయ్యలేరు’ అని అడగడం న్యాయం కాదు. ఎంత మంది చేతుల్లో సాగు నిలబడుతుందన్నది తేల్చేది మొదటి ఇద్దరే.

రైతులకు వయసు మీదపడటం మన ఒక్కరి బాధే కాదు. అమెరికాలో 2022 వ్యవసాయ గణన నాటికి రైతు సగటు వయసు 58 దాటింది. జపాన్‌లో అది 68కి అటూ ఇటూ. అయితే అక్కడ వందల ఎకరాల కమతాలో, గట్టి ప్రభుత్వ ఆసరానో ఉంటాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో సుమారు ఒక హెక్టారు. రెండున్నర ఎకరాల లోపు చెక్కను ఇద్దరు కొడుకులు పంచుకుంటే ఒక్కొక్కరికి మిగిలేదెంతో చెప్పనక్కర్లేదు.

పొలం ఒకరిది, చెమట ఇంకొకరిది

మొదటి రకం యువకుడికి ముప్ఫై ఐదేళ్లొచ్చినా కాగితం మీద అతను రైతు కాడు. పట్టాదారు పాసుపుస్తకం తండ్రి పేరునో, ఒక్కోసారి చనిపోయిన తాత పేరునో ఉంటుంది. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం, డ్రిప్పు సబ్సిడీ అన్నీ ఆ పుస్తకం చుట్టూనే తిరుగుతాయి. ఏ పంట వెయ్యాలన్న నిర్ణయం కూడా పుస్తకం ఎవరిదో వాళ్లదే. కొడుకు ఎకరంలో ఆకుకూరలు, బీర, కాకర వేద్దామంటాడు. తండ్రి అలవాటైన పత్తో మిర్చో వదలడు. కోడలి పరిస్థితి మరీ అన్యాయం. నాట్లు, కలుపు, కోత, బజారులో బుట్ట ముందు కూర్చోవడం అన్నీ ఆమెవే, రికార్డులో ఆమె పేరు ఎక్కడా కనబడదు.

కౌలుదారుది ఇంకా పెద్ద చిక్కు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణలో జరిపిన సర్వేలో సాగుచేసేవాళ్లలో 36 శాతం కౌలుదారులని తేలింది. అదే తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే చేరింది, పొలం దున్నినవాడికి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన చట్టం భూమి యజమాని ఒప్పుకోకపోయినా కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే వీలు కల్పించింది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తుంది గానీ యజమాని సంతకం కావాలంటుంది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. నోటిమాట మీద కౌలు, ముందే చెల్లించే కౌలు డబ్బు, ఏటేటా పొలం మారడం. ఇలాంటి చోట యువకుడు పందిరి కూరగాయలకు రాళ్లు పాతి తీగ లాగుతాడా? బోరు వేస్తాడా? పెట్టుబడి మూడేళ్లకు తిరిగొచ్చే పని ఏదీ చెయ్యడు. పందిరి వెయ్యనివాడు బజారుకు ఏడాది పొడవునా కూరగాయ తేలేడు.

ముందే అమ్ముడుపోయిన పంట

అప్పుల లెక్కల్లో తెలుగు రాష్ట్రాలది దేశంలోనే పైవరస. 2018-19 సర్వేలోనే ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద ఇది 50.2 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో కుటుంబం మీద సగటున 2,45,554 రూపాయల బాకీ ఉంది. అన్ని రాష్ట్రాల్లోకీ అదే ఎక్కువ.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద సకాలంలో కడితే నూటికి నాలుగు రూపాయల వార్షిక వడ్డీకే అప్పు దొరుకుతుంది. పాసుపుస్తకం లేనివాడు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తాడు. అంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఇద్దరి పంటా ఒకటే, ఒకే మార్కెట్లో ఒకే ధర. ఒకడు తేలతాడు, ఇంకొకడు మునుగుతాడు.

ఇక్కడే మార్కెట్‌కూ అప్పుకూ ముడి పడుతుంది. విత్తనానికి, మందులకు మండీ వ్యాపారి దగ్గరో ఊళ్లో ఎరువుల కొట్టు దగ్గరో చెయ్యి చాచినవాడు పంట వాళ్లకే వెయ్యాలి. కమీషన్, తరుగు, హమాలీ పోగా మిగిలింది బాకీ కింద జమ. అలాంటి యువకుడికి పది కిలోమీటర్ల దూరంలో రైతు బజారు ఉన్నా లేనట్టే. పంట కోయకముందే అతని సరుకు అమ్ముడుపోయి ఉంటుంది.

టమాటా చెప్పే పాఠం

కూరగాయల రైతు జూదం ఎంతటిదో చూడాలంటే టమాటాను మించినది లేదు. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో రెండొందలకు చేరువైంది. ఏడాదిన్నర తిరక్కుండా, 2024 డిసెంబరులో కర్నూలు జిల్లా పత్తికొండలో కిలో రూపాయికి పడిపోయింది. కోత కూలీ, ఆటో కిరాయి కూడా రాకపోతే రైతు కాయను చెట్టునే వదిలేస్తాడు, లేదా రోడ్డు పక్కన పారబోస్తాడు. వరికి, పత్తికి, కందికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. కూరగాయలకు అదీ లేదు. కేరళ మాత్రం 2020లో 16 రకాల కూరగాయలకు, దుంపలకు, పండ్లకు సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి కనీస ధర ప్రకటించి దేశానికి కొత్త దారి చూపింది.

మంచి ధర ఉన్న రోజుల్లో కూడా రైతుకు అందేది కొంతే. 2024లో రిజర్వ్ బ్యాంకు ప్రచురించిన అధ్యయన పత్రాల ప్రకారం వినియోగదారు పెట్టే ప్రతి రూపాయిలో టమాటా రైతుకు చేరేది 33 పైసలు, ఉల్లి రైతుకు 36, బంగాళాదుంప రైతుకు 37. మిగతాదంతా దళారుల జేబులోకే పోతుందనడం సరికాదు. రవాణా, కుళ్లిపోయే సరుకు, కూలీ, అంగడి అద్దె అన్నీ అందులో ఉన్నాయి. పొలానికీ కొనేవాడికీ మధ్య దూరం తగ్గితే వీటిలో చాలా ఖర్చులు వాటంతటవే తగ్గుతాయి. కూతవేటు దూరంలోని బజారు రైతును ఆకర్షించేది అందుకే.

రైతు బజార్ల పాతికేళ్లు

పంజాబ్ 1987లో ‘అప్నీ మండీ’ పేరుతో రైతులు నేరుగా అమ్ముకునే మార్కెట్లు తెరిచింది. ఆ ఆలోచననే మెరుగుపరిచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో అదే తరహాలో తొలి ఉళవర్ సందై తెరుచుకుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, విజయవాడలో పటమట... ఈ పేర్లు తెలియని పట్నవాసి లేడు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో కలిపి వందకు పైనే ఉన్నాయి.

పద్ధతి సులువైనది. పొలం, పంట చూసి అధికారులు ధ్రువీకరించాక రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. కమీషన్ లేదు, స్థలానికి అద్దె లేదు. రోజూ పొద్దున్నే ఎస్టేట్ అధికారి, రైతుల ప్రతినిధులు కూర్చుని ధరలు ఖాయం చేసి బోర్డు మీద రాస్తారు. టోకు ధరకు పాతిక శాతం పైన, చిల్లర ధరకు పాతిక శాతం కింద ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న సూత్రం. కొనేవాడికీ అమ్మేవాడికీ ఇద్దరికీ లాభమే.

యువకుడికి ఇక్కడ దొరికే అసలు లాభం ఆ పాతిక శాతం కంటే పెద్దది. డబ్బు అదే రోజు చేతికొస్తుంది, మూడు నెలలకో పంటకో ఆగక్కర్లేదు. ఏ కూర ఏ వారం అడుగుతున్నారో, ఏది మధ్యాహ్నానికి మిగిలిపోతోందో కళ్లారా చూస్తాడు. వచ్చే దఫా పంట మార్చుకుంటాడు. నాలుగు సార్లు బుట్ట ముందు కూర్చుంటే సిగ్గు పోతుంది, బేరం వస్తుంది. తన పేరు గుర్తుపెట్టుకుని వచ్చే కొనుగోలుదారులుంటారు. మండీలో వేలం పాట వింటూ నిలబడ్డవాడికి ఇవేవీ తెలిసే అవకాశం లేదు.

లోపాలు కూడా పాతవే. రైతు కార్డు ఒకరిది, కూర్చునేది ఇంకొకరు. పేరుకు రైతు దుకాణం, సరుకు తెల్లవారుజామున టోకు మార్కెట్లో కొన్నది. ఈ బినామీల ఫిర్యాదులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అధికారులు అప్పుడప్పుడు తనిఖీ చేసి కార్డులు రద్దు చేస్తారు, మళ్లీ కొన్నాళ్లకు మామూలే. తమిళనాడులో ఉళవర్ సందైలు 2001లో ప్రభుత్వం మారగానే ఆదరణ కోల్పోయి, 2006లో మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. ఒక పార్టీ ముద్ర పడిన పథకానికి ఎప్పుడూ ఉండే గండం అది.

నాకు పెద్దదిగా కనబడే లోపం వేరే ఉంది. కార్డు పొలానికి ఇస్తున్నాం. పొలం ఎవరి పేరున ఉంటే మార్కెట్ వాళ్ల వైపు మొగ్గుతుంది. నోటిమాట కౌలుదారు తన పంటను తనదని నిరూపించుకోలేడు. చివరికి ఏ దళారి నుంచి తప్పించడానికి బజారు పెట్టామో అతనికే సరుకు అప్పజెబుతాడు.

పొలాలు వెనక్కి జరుగుతున్నాయి

దగ్గరి మార్కెట్‌కు దగ్గరి పొలం కావాలి. పట్నాలు ముందుగా మింగేది ఆ పొలాలనే. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు కూరగాయలు, పూలు హైదరాబాద్ అంగళ్లకు చిరకాలంగా వస్తున్నాయి. ఆ చుట్టుపక్కలున్న 84 గ్రామాల్లో నిర్మాణాలను అడ్డుకున్న 1996 నాటి 111 జీవో జంట జలాశయాల కోసం పుట్టినా, పచ్చని పొలాలకు కూడా గొడుగు పట్టింది. దాన్ని ఎత్తేస్తున్నట్టు 2023లో ప్రభుత్వం ప్రకటించింది. కృష్ణా నది ఒడ్డున ఉండవల్లి, పెనుమాక పొలాల్లో ఏడాదికి మూడు పంటలు, కూరగాయలు, పూలు పండేవి. అమరావతి భూసమీకరణకు ఆ రెండు గ్రామాల రైతులు ఎదురు నిలవడానికి పెద్ద కారణం అదే.

ఎకరం కోట్లు పలికే చోట కొడుకు బీరపాదు పెడతానంటే తండ్రికి నవ్వొస్తుంది. పాదులు అరవై, ఎనభై కిలోమీటర్ల అవతలికి జరిగితే ‘స్థానికం’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. రాత్రి రెండింటికి లేచి ఆటో ఎక్కే ఓపిక, ఇంట్లో ఒకరు పొలంలో ఇంకొకరు బజారులో ఉండగల మనుషులు కావాలి. ఒంటరి యువకుడు రెండు చోట్లా ఉండలేడు.

సంతలు, సంఘాలు

రైతు బజారు పట్నానిది. ఊరి మార్కెట్ సంతే, తెలంగాణలో అంగడి. పాడేరు, అరకు, ముంచంగిపుట్టు సంతల్లో గిరిజన రైతు తన పసుపు, చింతపండు, రాజ్మా అమ్మి ఉప్పూ బట్టా కొనుక్కుని వెళ్తాడు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అక్కడ వ్యాపారికి పోటీగా నిలబడి కొన్నప్పుడే ధర నిలుస్తుంది. చాలా పంచాయతీలకు సంత అంటే వేలం వేసే ఆశీళ్ల ఆదాయమే. నీడ, నీళ్లు, కాటా, మరుగుదొడ్డి మీద ఖర్చు పెట్టేవి తక్కువ. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో దేశంలోని 22,000 గ్రామీణ సంతలను బాగుచేస్తామన్నారు. పని ఆ మాటంత వేగంగా సాగలేదు.

గట్టిగా నిలబడినవి చూస్తే వాటి వెనక సంఘం ఉంటుంది. 1956 నుంచి నడుస్తున్న ముల్కనూరు సహకార సంఘం అప్పు, ఎరువు, విత్తనం, అమ్మకం నాలుగూ ఒక్క చోటే చూస్తుంది. అందుకే అక్కడి రైతుకు పంటను ముందే తాకట్టు పెట్టాల్సిన అవసరం తక్కువ. ఆర్మూరు దగ్గర అంకాపూర్ రైతులు మొక్కజొన్న పొత్తులు, పసుపు, విత్తనపు పంటల్లో ఏది అమ్ముడుపోతే అది వేస్తారు, ఊళ్లోనే అమ్ముతారు. అక్కడి నాటుకోడి కూర కూడా ఒక వ్యాపారమైంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, పప్పుధాన్యాలను తామే పండించి, తామే నిల్వ చేసి, తమ ఊళ్లలోనే పంచుకున్నాయి. 2016లో మొదలైన ఆంధ్ర ప్రకృతి సేద్య కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది. ప్రసాదాలకు ఈ సేద్యపు సరుకు కొనడం తిరుమల దేవస్థానం మొదలుపెట్టింది. ఒక్క పెద్ద కొనుగోలుదారు నమ్మకంగా నిలబడితే వేల చిన్న రైతులకు అది బజారుతో సమానం.

ఎక్కడ పనికిరాదు

దగ్గరి మార్కెట్ మంత్రదండం కాదని ఒప్పుకోవాలి. తెలంగాణలో వరి, పత్తి, కోస్తాలో వరి, పల్నాడులో మిర్చి వేసేవాళ్లకు రైతు బజారు ఏమీ చెయ్యలేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల గోడు కూలీ ఖర్చు, మురుగునీరు, మద్దతు ధర. పత్తికొండలో లారీల కొద్దీ టమాటా దిగే రోజున పక్క ఊరి సంత ఎన్ని కిలోలు తీసుకోగలదు? అలాంటి చోట నిల్వ, శుద్ధి, దూర మార్కెట్ కావాలి. ప్రకృతి సేద్యపు సరుకుకు ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారులు కూడా కొన్ని కాలనీలకే పరిమితం. వాట్సాప్‌లో అమ్మేవాడు చందాదారులను వెతుక్కోవడం, మూట కట్టడం, ఇంటింటికీ చేర్చడం, డబ్బు గుర్తుచేయడం అన్నీ తనే చెయ్యాలి. పొలానికి మిగిలే పూట ఎంత?

అందువల్ల పట్నానికి ఒక గంట దూరంలో, నీటి వసతి ఉన్న ఎకరం రెండెకరాల్లో ఐదారు రకాలు పండించేవాడికి ఈ మార్కెట్ నిజంగా ఆదాయ మార్గం. మిగతావాళ్లకు అది ఒక చిన్న ఆసరా.

చెయ్యగలిగినవి

రైతు బజారు కార్డును పంట నమోదు ఆధారంగా సాగుచేసే మనిషికి, కౌలుదారుకు, కోడలికి విడివిడిగా ఇవ్వవచ్చు. యజమాని సంతకం అక్కర్లేని రుణ కార్డు 2011లోనే సాధ్యమైంది, ఇప్పుడూ సాధ్యమే. కార్డుదారు బజారులో ఏడాది పాటు అమ్మిన లెక్కను బ్యాంకు అప్పుకు ఆధారంగా తీసుకుంటే పాసుపుస్తకం లేనివాడికీ తలుపు తెరుచుకుంటుంది. ఐదారుగురు యువకులు కలిసి ఒక దుకాణం, ఒక ఆటో పెట్టుకునేందుకు ఉమ్మడి కార్డులిస్తే ఒంటరి మనిషి రెండు చోట్లా ఉండలేని బాధ తీరుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ప్రభుత్వం తానే కొనడం. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం బడిపిల్లల భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల సరుకే కొనాలని నిర్దేశించింది. మన గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు, మధ్యాహ్న భోజనం రోజూ కొనే కూరగాయల్లో కొంత భాగాన్ని ఆ మండల రైతుల నుంచే ముందుగా కుదిరిన ధరకు కొంటే, టమాటా రూపాయికి పడిన రోజున కూడా ఒక బుట్టకు ఖాయమైన ధర ఉంటుంది. పట్నాల మాస్టర్ ప్లాన్లలో రోడ్లకూ పార్కులకూ చోటు ఉంచినట్టే కూరగాయల భూములకూ ఉంచాలి.

రైతు బజారు పని తీరును కొలవడానికి ఇప్పుడు దుకాణాలు, టన్నులు లెక్కపెడుతున్నాం. దానికి ఇంకో గడి కలపాలి: ముప్ఫై ఐదేళ్ల లోపు వాళ్ల పేరున ఎన్ని కార్డులున్నాయి, వాళ్లలో మూడేళ్ల తర్వాత కూడా అమ్ముతున్నవాళ్లెందరు? ఈ రెండు అంకెలు ఏటా పెరిగితే దగ్గరి మార్కెట్ యువతను సాగులో నిలబెడుతున్నట్టు. పెరగకపోతే మనం కట్టిన షెడ్లు పట్నవాసికి చౌకగా కూరగాయలు అందించే సౌకర్యంగానే మిగిలిపోతాయి.